కర్ణుడి చావుకు ఏడో కారణం

కర్ణుడి చావుకు కారణాలు అనేకం. ఈ మాట తెలియని తెలుగువాళ్లు ఉండరు. ఎన్నికల్లో ఓడిన పార్టీ దగ్గర్నుంచి పంట పోగొట్టుకున్న రైతు దాకా అందరికీ పనికొచ్చే సామెత ఇది. దీని వెనుక జనం నోట నానిన ఒక పద్యం కూడా ఉంది. కర్ణుణ్ణి నేనే చంపాననుకుంటున్న అర్జునుడికి కృష్ణుడు ఆరుగురిని లెక్క చెప్తాడు: నువ్వు, నేను, కుంతి, ఇంద్రుడు, భూమి, పరశురాముడు. వినడానికి లెక్క సరిగ్గానే ఉంటుంది. కానీ కారణాలు పెరిగిన కొద్దీ బాధ్యులు తరుగుతారన్న సంగతి మనకు అనుభవమే కదా. అందుకే ఈ ఆరుగురి జాబితాను ఒకసారి విప్పి చూద్దాం. మేమిక్కడ వ్యాస భారతంలోని కథనే పట్టుకుంటున్నాం.

సాహిత్యం క్లాసుల్లో విషాద నాయకుడి పాఠం అరిస్టాటిల్‌తో మొదలవుతుంది. గొప్పవాడే గానీ ఒక పొరపాటు వల్ల పడిపోతాడు అని చెప్తారు. ఆ గ్రీకు మాట ‘హమార్షియా’కు గురి తప్పడం, పొరపడడం అని అర్థం. మన క్లాసులకొచ్చేసరికి అది ‘స్వభావంలోని లోపం’ అయికూర్చుంది. దాన్నే తెచ్చి కర్ణుడికి తగిలిస్తారు. దుష్ట సహవాసం, అతి దానం, గర్వం. అంటే, పడినవాడిలోనే వెతకాలి, పడేసినవాళ్ల జోలికి పోకూడదు! మధ్యలో చదువు మానేసిన దళిత విద్యార్థి గురించి యూనివర్సిటీలు మాట్లాడే భాష కూడా ఇదే. ‘స్టాండర్డ్ లేదు’, ‘తట్టుకోలేకపోయాడు’. సిద్ధాంతం పాతదే, గురి మాత్రం మారలేదు.

ముందు పరశురాముణ్ణి తీసుకుందాం. అబద్ధం చెప్పి విద్య నేర్చాడు కాబట్టి శాపం తగిలింది అంటారు. అబద్ధం ఎందుకు చెప్పాల్సి వచ్చిందో శాంతిపర్వం దాచుకోలేదు. బ్రహ్మాస్త్రం నేర్పమని కర్ణుడు మొదట ద్రోణుణ్ణే అడిగాడు. అది బ్రాహ్మణుడికీ, తపస్సు చేసిన క్షత్రియుడికీ తప్ప ఇంకెవరికీ లేదని ద్రోణుడు తలుపేశాడు. ఆ తర్వాతే కర్ణుడు బ్రాహ్మణ వేషం కట్టాడు. గురువు తన ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతుంటే పురుగు తొడ తొలిచింది. నిద్ర చెడకూడదని కర్ణుడు కదల్లేదు. నెత్తురు తగిలి లేచిన పరశురాముడు, ఇంత నొప్పి ఓర్చుకున్నవాడు బ్రాహ్మణుడు కాడని తేల్చాడు. చూడండి, ఓర్పే నేరానికి సాక్ష్యమైంది! శపించిన పరశురాముడు జాబితాలో ఉన్నాడు. తలుపు మూసిన ద్రోణుడు లేడు.

ఇక అస్త్రవిద్యా ప్రదర్శన. ఆ రోజు కర్ణుడు అర్జునుడికి ఏ విద్యలోనూ తీసిపోలేదు. అప్పుడు కృపుడు లేచి నీ తల్లెవరు, తండ్రెవరు, ఏ కులం అని అడిగాడు. విల్లు చేతిలో ఉండగా వంశం అడగడం! దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చి నోరు మూయించాడు. ఇంతలో కర్ర ఊతంతో వణుక్కుంటూ వచ్చిన అధిరథుణ్ణి చూసి, రాజైన కర్ణుడు తడిసిన తలతోనే మొక్కాడు. అది చూసి భీముడు నవ్వి, నీకు తగింది కొరడా అన్నాడు. మనుస్మృతి పదో అధ్యాయం సూతుడికి రాసిపెట్టిన పని గుర్రాలూ రథాలే. భీముడు నోటితో అన్నది ఆ స్మృతి రాతతో అన్నదే. కృపుడూ, భీముడూ కూడా ఆ ఆరుగురిలో లేరు.

దుర్యోధనుడి జవాబు మీద మనవాళ్లకు మోజు ఎక్కువ. 1977లో వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’ సినిమాలో ఎన్.టి.ఆర్. నోట ఆ డైలాగు విని ఊళ్లకు ఊళ్లు ఈలలేశాయి. మా వాడల్లో కూడా వేశాం, కాదనం. కానీ మూలంలో దుర్యోధనుడు ఏమంటున్నాడు? పెద్దల పుట్టుకలన్నీ ఎత్తిచూపి, చివరికి, ఇంత తేజస్సున్న పులిని లేడి కంటుందా అని ముగిస్తాడు. లేడి ఎవరు? రాధ! అంటే, కర్ణుడు గొప్పవాడు కాబట్టి సూతుల ఇంట పుట్టి ఉండడని అర్థం. కులాన్ని ప్రశ్నించినట్టే ప్రశ్నించి, సూత స్త్రీ కడుపును తక్కువ చేశాడు. రాజ్యం ఇస్తేగానీ పోటీకి అర్హత రాదన్న షరతు కూడా అట్లాగే మిగిలింది. దయ చూపించాడు. గేటు మాత్రం తియ్యలేదు.

కుంతి విషయానికొస్తే, పెళ్లికాని తల్లి బిడ్డను నీళ్లపాలు చేసింది నిజమే. ఆ తల్లికి బతికే దారి లేకుండా చేసిన నీతి ఎవరిది? యుద్ధమయ్యాక ఆమె రహస్యం విప్పితే ధర్మరాజు స్త్రీ జాతి మొత్తాన్ని శపించాడు, ఆడవాళ్ల నోట రహస్యం దాగకుండా పోవాలని. పద్దెనిమిది రోజుల హత్యాకాండ బాధ్యత చివరికి ఆడవాళ్ల నెత్తిన పడింది. కర్ణుడికి తమ్ముళ్లు తర్పణం వదిలారు. పెంచిన రాధ మాట అక్కడ వినపడదు.

ఇంత చెప్పి కర్ణుణ్ణి కడిగిన ముత్యం చెయ్యాలని మాకు లేదు. నిండు సభలో ద్రౌపదిని వేశ్య అన్నదీ, ఆమె బట్టలు లాగమని దుశ్శాసనుడికి చెప్పిందీ అతనే. సారథిగా వచ్చిన శల్యుడు ఎగతాళి చేస్తే, మద్ర దేశపు ఆడవాళ్లందరినీ పుట్టుక ఎత్తి తిట్టాడు. తనను కాల్చిన నిప్పునే ఇంకొకరి మీద పోశాడు. దీనికి కులాన్ని సాకుగా చూపిస్తే దళిత స్త్రీలు మనల్ని నిలదీస్తారు. నిలదీయాలి కూడా. దెబ్బ తిన్నవాడైనంత మాత్రాన తాను కొట్టిన దెబ్బకు జవాబు చెప్పక తప్పదు.

మన మిత్రులు కొందరు కర్ణుణ్ణి దళిత వీరుడంటున్నారు. మేము ఒప్పుకోం. కర్ణుడు సూర్యుడి కొడుకు కాబట్టే ఈ కథ అతని కోసం ఏడుస్తుంది. నిజంగా రాధ కడుపున పుట్టినవాడైతే ఏడ్చేదా? ఏకలవ్యుణ్ణి చూడండి. బొటనవేలు కోయించుకున్నారు. ద్రోణపర్వంలో కృష్ణుడు, నీ మేలు కోసమే అతణ్ణి చంపానని అర్జునుడికి మామూలు సంగతిలా చెప్తాడు. ఆ చావుకు ఆరు కారణాలు లేవు, సామెతా లేదు.

మనది అనదగ్గ కర్ణుడు ఒక్కచోట ఉన్నాడు, ఉద్యోగపర్వంలో. నువ్వు పాండవులకు అన్నవి, రాజ్యం నీదే అని కృష్ణుడు ఆశ పెడతాడు. కర్ణుడు కాదంటాడు. నన్ను చూడగానే రాధకు పాలు చేపాయి, నా మలమూత్రాలు ఎత్తింది ఆమె, పేరు పెట్టించిందీ పెళ్లి చేసిందీ అధిరథుడు, వాళ్లను విడిచి రానంటాడు. పై కులం పిలిచి కుర్చీ వేస్తే, పెంచిన ఇంటిని వదలనన్నాడు. విమర్శకులు దీన్ని విధి అంటారు, దుర్యోధనుడి ఉప్పు అంటారు. రాధ పాల గురించి ఎందుకు మాట్లాడరు?

ఇదంతా పురాణం గొడవ కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులుగా వదిలేసింది. ఎనిమిది శవాలున్నాయి, హంతకుడు మాత్రం లేడు! 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. బాధ్యులెవరన్న ప్రశ్న కొన్నాళ్లకే అతని కులమేంటి, తల్లి కులమేంటి అన్న ప్రశ్నగా మారింది. 2024లో పోలీసులు అతను ఎస్సీ కాదంటూ కేసు మూసేయమని రిపోర్టు ఇచ్చారు. నిరసనలొచ్చాక మళ్లీ విచారిస్తామన్నారు. రోహిత్‌నూ కర్ణుణ్ణీ మేము పోల్చడం లేదు. అడిగే ప్రశ్నల్ని పోలుస్తున్నాం. కృపుడు బతికున్నవాణ్ణి అడిగాడు, వీళ్లు చనిపోయినవాణ్ణి అడుగుతున్నారు.

కాబట్టి ఆ ఆరుగురికి ఏడో కారణం చేర్చాలి. అది మనిషి కాదు, ఒక ఏర్పాటు. ద్రోణుడి బడి, కృపుడి ప్రశ్న, భీముడి కొరడా, దుర్యోధనుడి లేడి, అన్నీ దాని పనిముట్లే. అయితే ఏర్పాటు పేరు చెప్పి మనుషుల్ని వదిలెయ్యడానికి వీల్లేదు. తలుపు మూసిన చెయ్యి ఎప్పుడూ ఒక మనిషిదే, దానికి పేరు ఉంటుంది. మన పిల్లలకు కర్ణుడి పాఠం చెప్పే టీచర్లు ఇకనుంచి లోపం ఏమిటని కాకుండా, తలుపు మూసింది ఎవరని అడగాలి.