చేతి గీత, వెక్టర్ గీత: పెడన నమూనాలపై ఒక పరిశీలన

స్కాన్ చేసిన చేతి చిత్రాన్ని వెక్టర్‌గా మార్చడం సాఫ్ట్‌వేర్‌లో కొన్ని క్షణాల పని. అయితే వచ్చిన ఫలితం మంచిదో కాదో ఎలా నిర్ణయించాలి? కృష్ణా జిల్లా పెడనలో అద్దే మచిలీపట్నం కలంకారీ నమూనాలను ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

శ్రీకాళహస్తి పద్ధతిలో కళాకారుడు కలంతో నేరుగా బట్టపై గీస్తాడు. పెడన పద్ధతి వేరు. నమూనాను టేకు చెక్కపైకి ఎక్కించి, ఉలితో అచ్చు చెక్కుతారు. రేఖలకు ఒక అచ్చు, లోపలి రంగులకు వేరే అచ్చులు ఉంటాయి. కరక్కాయ ద్రావణంలో తడిపి ఆరబెట్టిన బట్టపై ఈ అచ్చులతో అద్దుతారు. ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన ద్రవం నలుపునిస్తుంది; ఎరుపు పట్టడానికి పటిక తోడ్పడుతుంది. అంటే గీత కాగితం నుంచి చెక్కకు, చెక్క నుంచి బట్టకు చేరుతుంది. ప్రతి దశలోనూ ఒక మనిషి ఆ గీతను చూసి, అర్థం చేసుకొని ముందుకు పంపుతాడు.

కంప్యూటర్ ట్రేసింగ్‌లో ఈ అర్థం చేసుకోవడం ఉండదు. అది ముదురు, లేత పిక్సెళ్ల సరిహద్దును వెతికి వక్రరేఖలుగా మారుస్తుంది. ఇంక్‌స్కేప్‌లో మచ్చలు తొలగించే అమరికను ఎక్కువగా పెంచితే దుమ్ముతోపాటు పూల మధ్య పెట్టిన సన్న చుక్కలు కూడా పోతాయి. మూలలను నునుపు చేస్తే ఆకుల కొనలు మొద్దుబారతాయి. మధ్యరేఖ పద్ధతిని ఎంచుకుంటే మలుపులో లావై, చివర సన్నగిల్లే తీగ అంతటా ఒకే మందంగా తయారవుతుంది.

ఇటువంటి ఫలితాన్ని చాలామంది ‘శుభ్రంగా ఉంది’ అని మెచ్చుకుంటారు. శుభ్రత ఒక్కటే ప్రమాణం కాదు. అలాగని ప్రతి వంకరా చేతిపని గొప్పతనమూ కాదు. స్కానింగ్‌లో వచ్చిన రంపపు అంచులను, కాగితపు మరకలను దిద్దవలసిందే. ఈ వంకర గీసినవారి ఉద్దేశమా, కాగితం లోపమా అని ప్రతిచోటా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ట్రేస్ చేసే మనిషే.

వెక్టర్ వల్ల మేలు లేకపోలేదు. అచ్చు అరిగిపోయినప్పుడు అదే నమూనాను మళ్లీ చెక్కడానికి అది ఆధారమవుతుంది. ఒకే ఫైలును రుమాలుకూ దుప్పటికీ వాడవచ్చు. కానీ చిన్న పువ్వును పదింతలు పెంచితే అంచులు చెదరకపోయినా, రేకుల మధ్య ఖాళీ బోసిగా కనిపిస్తుంది. చేతితో పెద్దదిగా గీసేవారు ఆ ఖాళీలో కొత్త గీతలు చేరుస్తారు.

అదే ఫైలు నుంచి స్క్రీన్ ప్రింటింగ్ ఫిల్మ్ కూడా తయారవుతుంది. రసాయన రంగులతో అలా ముద్రించిన బట్టను కలంకారీ పేరుతో చవకగా అమ్మితే, అచ్చు చెక్కేవారి, అద్దేవారి జీవనం దెబ్బతింటుంది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉన్నది ఇందుకే. విజయవాడ డీటీపీ కేంద్రాల్లో పనిచేసే విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి. స్క్రీన్ ప్రింట్ వేయడం తప్పు కాదు. దాన్ని స్క్రీన్ ప్రింట్ అని చెప్పకపోవడం తప్పు.

అభ్యాసం: చేతితో గీసిన ఒక ముగ్గును స్కాన్ చేసి, రెండు వేర్వేరు అమరికలతో ట్రేస్ చేయండి. అసలు చిత్రంతో పోల్చి, పోయినవేవో, పోవలసినవేవో విడివిడిగా రాయండి.