పథ్యపు సద్ది

కార్తీకమాసము వచ్చినదనిన నిజామాబాదు జిల్లాలోని మా మెండోరలో నల్లబట్టలు కట్టిన అయ్యప్ప స్వాములు వీధివీధినా కనబడుదురు. 41 దినముల ఆ దీక్షాకాలమున వారు తినదగినదేదియో, తినరానిదేదియో ఊరంతయు ఎరుగును. వారికొరకు వేరు గిన్నెలు తోమిపెట్టెడి ఇల్లాండ్రును, వారిని భిక్షకు పిలిచి శుచిగా వండించి పెట్టెడి గృహస్థులును ఉందురు. నిషిద్ధమైన పదార్థమును వారి విస్తరిలో వేసి తినుమని బలవంతపెట్టు సాహసము ఏ బంధువునకును కలుగదు. అదే ఊరిలో, పెండ్లిపందిటిలో, ఏండ్లతరబడి మధుమేహముతో బాధపడుచున్న పెద్దమనిషి కూర్చున్నప్పుడు "ఒక్కటి తింటె ఏం గాదు బాపూ, తినుండ్రి" అని లడ్డు వడ్డించువారు పదిమంది ఉందురు. వారి ప్రేమను నేను శంకింపను. కాని వ్రతమునకు లభించు మన్నన వ్యాధికి లభించుట లేదు. వ్రతికి ఊరంతయు వంటశాలయే; రోగికి తన గడప దాటినచో తినదగిన ముద్ద దొరకదు.

నేనును ఈ రెండవ వర్గమునకు చెందినవాడనగుటచే ఈ విషయమును గురించి చాలకాలముగా ఆలోచించుచున్నాను. పథ్యము చెడుటకు నాలుక చాపల్యమే కారణమని లోకము నమ్ముచున్నది. నా అనుభవము వేరు. ఆర్మూరులో బస్సు తప్పిపోయి మరియొకదానికై నిలుచున్నప్పుడు, నిజామాబాదు కచ్చేరీలో సంతకము కొరకు కూర్చుండగా మధ్యాహ్నము మీరిపోయినప్పుడు, పసుపు తవ్వకము నడుచుచుండగా కూలీలను విడిచి చేనినుండి ఇంటికి రావీలులేనప్పుడు, ఆకలివేళకు తగిన ఆహారము చేతికందక, అందినదేదియో తినవలసివచ్చుటవలన పథ్యము చెడుచున్నది. ఇంటిలో కూర్చుండి పథ్యము చేయుట ఎవరికైనను సాధ్యమే. ప్రయాణమునకు వెంటవచ్చునట్టి, ముందుగా వండి నిలువచేసికొనదగినట్టి, ఒక్క డబ్బాలోనే ధాన్యము, పప్పు, కూర అన్నియు ఇమిడియున్నట్టి పరిపూర్ణమైన సద్ది ఉన్నగాని ఆ పథ్యము జీవితాంతము నిలువదు. నేను చెప్పదలచినది ఇంతియే; తక్కినదంతయు అట్టి సద్దిని సిద్ధముచేయు విధము.

సద్ది మనకు క్రొత్తది కాదు. బతుకమ్మ తొమ్మిదవనాడు చెరువుకట్టపై పంచుకొను సద్దులలో చింతపండు పులిహోరయు, పెరుగు సద్దియు, నువ్వుల సద్దియు కలవు. ఇవి రుచికొరకే ఏర్పడినవని అనుకొనరాదు. చింతపండు పులుపు సూక్ష్మజీవుల పెరుగుదలను అణచును. వేడి అన్నములో పాలు పోసి చెంచెడు పెరుగు కలిపి కట్టియిచ్చిన మూట మధ్యాహ్నమునకు త్రోవలోనే తోడుకొని తన పులుపుతో తన్ను కాపాడుకొనును. మంచుపెట్టె లేని కాలమున మన స్త్రీలు అన్నమును కాపాడిన శాస్త్రమిది. దానికి ఒక్కటే లోపము: ఆ సద్దులలో పెక్కింటికి వరియన్నమే ఆధారము.

మా ప్రాంతమున వరి ఇంతగా రాజ్యమేలుట ఇటీవలి సంగతి. 1963 జులై 26న జవహర్‌లాల్ నెహ్రూ మా పక్కనే పోచంపాడువద్ద గోదావరిపై ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. నేడు మనము శ్రీరాంసాగర్ అనుచున్నది అదియే. కాలువనీరు పారనంతవరకు ఈ నేలలలో జొన్నయు మక్కయు పండెడివి. జొన్న గట్క, జొన్న రొట్టె, దానిపై ఇంత తొక్కు, ఇవియే సామాన్యుని భోజనము. నీరు వచ్చెను, వరి వచ్చెను, పండుగనాటి అన్నము ప్రతిపూట అన్నమయ్యెను. ఆకలి తీరినది, దానికి నేను ఆ నీటికి నమస్కరింతును. జొన్న మాత్రము కంచమునుండి తొలగిపోయినది. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతముల చేలలో ఇప్పటికిని ఎర్రజొన్న విరివిగా పండుచున్నది గాని అది పశుగ్రాసపు విత్తనముగా ఉత్తరదేశమునకు తరలిపోవుచున్నది. బోధన్ దిక్కున, మహారాష్ట్ర సరిహద్దు పల్లెలలో, రొట్టె కొట్టు చప్పుడు ఇంకను వినబడును. మా వైపున గట్క తినుట పేదరికపు గుర్తని పిల్లలు సిగ్గుపడుదురు.

జొన్నను గూర్చి అతిశయోక్తులు పలుకువారితో నేను ఏకీభవింపను. నూరు గ్రాముల జొన్నలో పీచు సుమారు 10 గ్రాములు, మరపట్టిన బియ్యములో 3 గ్రాములకు తక్కువ. ఈ భేదము గొప్పదే. కాని ఆ నూరు గ్రాములలోనే దాదాపు 68 గ్రాముల పిండిపదార్థమున్నదనియు, జొన్నరొట్టెలైనను లెక్కలేక తిన్నచో రక్తములోని చక్కెర పెరుగుననియు మరువరాదు. ఒక్క ధాన్యమును నమ్ముకొన్న దేహమునకు ఏమగునో దక్కను భూమి యిదివరకే చూచినది. కేవలము జొన్నలపై బ్రతికిన పేదలకు చర్మము నల్లబడి పగిలెడి పెల్లాగ్రా వ్యాధి వచ్చుచుండగా, హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయములో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియా అను విద్వాంసులు దానిని పరిశీలించి, జొన్నలో అధికముగా నున్న ల్యూసిన్ అను అమైనో ఆమ్లమునకు ఆ వ్యాధితో సంబంధమున్నదని 1960లో ప్రతిపాదించిరి. ఆ సిద్ధాంతముపై తరువాత వాదోపవాదములు నడచినవి. ఏకధాన్యభోజనము ప్రమాదకరమను విషయములో మాత్రము వాదము లేదు. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు చేరి, నేడు జాతీయ పోషకాహార సంస్థ అను పేరుతోనున్న ఆ సంస్థయే, ధాన్యములనుండి వచ్చు శక్తి మొత్తములో 45 శాతమును మించరాదనియు, కంచములో సగభాగము కూరగాయలు, పండ్లు ఉండవలెననియు 2024లో మరల చెప్పినది. కావున సద్ది యనగా ధాన్యపు మూట గాదు, పూర్ణభోజనము.

మా యింట ఆదివారము ఉదయము ఇట్టి సద్దిని సిద్ధముచేయు పని జరుగును. ముందునాడు గిర్నిలో పట్టించిన జొన్నరవ్వ రెండుపాళ్లు, పెసరపప్పు ఒకపాలు, ఆ రెండింటికంటె మిక్కిలిగా చిక్కుడు, గోకరకాయ, క్యారెట్ ముక్కలు, గుప్పెడు పుంటికూర, ఆర్మూరు పసుపు. ఇదియే ప్రధానమైన పాకము. ధాన్యమును వండకముందే తూచవలెను, ఏలనన ఉడికిన తరువాత నీటి బరువు కలిసి లెక్క తప్పును. 200 గ్రాముల రవ్వయు 100 గ్రాముల పప్పును వండి నాలుగు డబ్బాలలో సమముగా సర్దితిమేని, ఒక్కొక్కదానిలో జొన్నవలన సుమారు 34 గ్రాముల పిండిపదార్థమును, జొన్నపప్పుల రెండింటివలన సుమారు 11 గ్రాముల మాంసకృత్తులును ఉండును. ఇది నా కొలత మాత్రమే. ఎవరి కొలతను వారి వైద్యుడు నిర్ణయింపవలెను. అయితే కొలత ఒకసారి డబ్బాలోనికి ఎక్కిన తరువాత, ఆకలితోనున్న మనిషి మరల తనతో తాను వాదించుకొనవలసిన పని ఉండదు. నిలువచేసిన సద్దివలన కలుగు పరమలాభము నాకు ఇదియే అని తోచుచున్నది.

ఇక గడ్డకట్టించుట. అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్ఐ లాబ్రడార్ శీతలదేశమున, ఘోరమైన చలిలో పట్టిన చేప క్షణములలో బిగుసుకొని, నెలల తరువాత కరగించినను తాజాదనము చెడకుండుట చూచి, 1920లలో శీఘ్రముగా గడ్డకట్టించు యంత్రములను కల్పించెను. మెల్లగా గడ్డకట్టినచో మంచుస్ఫటికములు పెద్దవై కూరగాయల కణముల గోడలను చీల్చును, వేగముగా గడ్డకట్టినచో అవి సన్నగానుండును. ఇంటి ఫ్రిజ్‌కు ఆ యంత్రపు శక్తి లేదు. అందుచేత మనము చేయగలిగినది సద్దిని పలుచగా, వెడల్పుగా సర్దుటయే. నీరెక్కువగల సొరకాయ, దోసకాయ కరగినపుడు చప్పబడిపోవును, ఆలుగడ్డ బరకబారును, ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరువలె సాగును, పెరుగు విరిగి నీళ్లూరును. పప్పులు, చిక్కుడుజాతి కాయలు, పప్పులో ఉడికిన ఆకుకూరలు చక్కగా నిలుచును. తాలింపు మాత్రము వేడిచేసినప్పుడే పెట్టవలెను, లేనిచో పాతవాసన వచ్చును. జొన్నరొట్టెలో గోధుమకున్న జిగురు లేదు గనుక కరగిన తరువాత ముట్టుకొన్నచో ముక్కలగును. రొట్టెకు రొట్టెకు నడుమ కాగితముంచి గడ్డకట్టించి, కరగనీయకయే తడి చిలుకరించి కాలిన పెనముపై వేసినచో తిరిగి మెత్తబడును.

ఇందు ఒక జాగ్రత్త ప్రాణముతో సమానమైనది. వండిన ధాన్యములో బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు ఉడుకునకు చావక మిగులును. అన్నము గోరువెచ్చగా గంటలతరబడి ఉన్నచో అవి మొలచి విషమును స్రవించును, ఆ విషములో ఒకరకము మరల ఎంత వేడిచేసినను నశింపదు. మా చైత్ర వైశాఖములలో వంటింటి గాలియే ఆ బీజములకు పొత్తిలివంటిది. అందుచేత వండిన గిన్నెను చన్నీళ్ల తొట్టిలో నుంచి, వెడల్పు పళ్లెములలో పరచి, రెండు గంటలలోపల చల్లార్చి మంచుపెట్టెలో చేర్చవలెను. సున్నాకు దిగువ 18 డిగ్రీలు నిలుచు డీప్ ఫ్రీజరులో సద్ది నెలలు చెడకుండును. ఒంటితలుపు ఫ్రిజ్ పైనుండు చిన్న గూటిలో అంత చలి నిలుచునన్న నమ్మకము లేదు గనుక వారమునకు మించి ఉంచకుండుట మేలు. కరగినదానిని మరల గడ్డకట్టింపరాదు. ప్రయాణమునకు తీసికొనిపోవునప్పుడు పొగలు వచ్చునట్లు కాచి వేడినిలుపు డబ్బాలో పోయవలెను, లేదా గడ్డకట్టిన నీళ్ల సీసాను జతచేసి మందపు సంచిలో చల్లగా ఉంచి తినుటకు ముందు కాచుకొనవలెను. 5 డిగ్రీలకు పైన 60 డిగ్రీలకు క్రింద నుండెడి నడిమి వేడియే శత్రువు. కాచుటకు వీలులేని చేనికి పొడి రొట్టె, వేయించిన పల్లీలు, పచ్చి క్యారెట్ తీసికొనిపోవుట ఉత్తమము. చల్లారిన గంజిపదార్థములో కొంత అరుగని రూపము దాల్చునను మాట నిజమే; దానిని నమ్ముకొని అదనపు ముద్ద తినుట నేను ఒప్పను.

ఇన్సులిన్ తీసికొనువారికి తప్పుడు భోజనమువలెనే ఆలస్యమైన భోజనమును ప్రమాదకరము. చెమటపట్టి, చేతులు వణకి, కన్నులు తిరుగునప్పుడు జొన్న సద్ది పనికిరాదు. అది మెల్లగా అరుగును. అప్పుడు సుమారు 15 గ్రాముల చక్కెరయో గ్లూకోజో నీటిలో కలిపి త్రాగవలెను గనుక ఆ పొట్లము కూడ సద్దితోబాటు సంచిలో ఉండితీరవలెను. మూత్రపిండములు చెడినవారికి నేను చెప్పిన పాకము తగదు. పప్పును ఆకుకూరలును వారికి వేరు లెక్క. గోధుమ పడని సీలియాక్ రోగులకు జొన్న వరమే, గాని గోధుమ పట్టిన గిర్నిలోనే జొన్నలు పట్టించినచో ఆ వరము భంగమగును. 1940లలో హాలండు దేశపు శిశువైద్యుడు విల్లెం డికె గోధుమను మాన్పించి అట్టి పసివారిని బ్రతికించువరకు ఆ వ్యాధికి కారణమే తెలియదు.

ఒక మాట నిష్ఠురమైనను చెప్పక తప్పదు. ఇంట ఒకరికి పథ్యమన్నంతనే ఇల్లాలికి రెండవ వంట వచ్చిపడుచున్నది; మగవాని మధుమేహమును పెక్కిండ్లలో ఆడుదాని నడుము మోయుచున్నది. ఆమెకే ఆ వ్యాధి వచ్చినచో ఆమెకొరకు వేరుగా వండువారు లేరు, అందరి మిగులుతో ఆమె సరిపెట్టుకొనును. ఈ సద్దిని రోగి తానే వండుకొనవలెను, చేతకానిచో కూరలైనను తరుగవలెను. మా మండలములనుండి గల్ఫునకు పోయిన యువకులు దుబాయి, మస్కటు క్యాంపులలో సెలవునాడు వారమునకు సరిపడు కూర వండి ఉమ్మడి ఫ్రిజ్‌లో దాచుకొని పనులకు పోవుచున్నారు. పరదేశములో చేతనైనది స్వగ్రామములో ఏల చేతకాదు? ఇంకను మేలైన త్రోవ ఇంటిల్లిపాదియు అదే తినుట. చిక్కుడుకాయయు పెసరపప్పును ఎవరికిని చెరుపు చేయవు.

కడపట ఒక విన్నపము. 2024 నుండి తెలంగాణలో మహిళా సంఘములు కచ్చేరీలు మొదలగు చోట్ల ఇందిరా మహిళాశక్తి క్యాంటీన్లను నడుపుచున్నవి. పనులమీద ఊళ్లనుండి అక్కడికి వచ్చి పూటలతరబడి వేచియుండువారిలో చక్కెరవ్యాధిగ్రస్తులు ఎందరో ఉందురు. ఆ సోదరీమణులు ప్రతి క్యాంటీనులోను ఒక చిన్న డీప్ ఫ్రీజరు పెట్టి, జొన్నరవ్వ, పప్పు, కూరగల సద్దిని కొలతప్రకారము సిద్ధముచేసి, డబ్బాపై వండిన తేదీయు, ధాన్యపు తూకమును తెలుగులో వ్రాసి, అడిగినవారికి కాచి ఇత్తురుగాక. మా జిల్లాలో జొన్నకు కొరత లేదు.