ఇంట చూడదగిన డాక్యుమెంటరీ చిత్రాలు - ఒక పరిశీలన

మన ముస్లిం కుటుంబాలలో ఇప్పుడు పుస్తకం ముందుకంటె తెర ముందు గడిచే కాలమే ఎక్కువ. బద్వేలు వంటి చిన్న పట్టణంలో సైతం ఇషా నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ ఒక టి.వి. చుట్టూనో, నలుగురు ఒక ఫోను చుట్టూనో చేరడం సాధారణమైపోయింది. చేరినవారు చూసేదేమిటన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం. 2020లో లాక్‌డౌన్ కాలాన ఉర్దూ డబ్బింగుతో వచ్చిన టర్కీ ధారావాహిక ‘ఎర్తుగ్రుల్’ను మన ఇళ్ళలో ఎంత శ్రద్ధగా చూశారో చెప్పనక్కరలేదు. చూసినవారిలో అనేకులు ఇస్లామీయ చరిత్ర చదివినంత తృప్తి పొందారు. వాస్తవమేమంటే ఎర్తుగ్రుల్‌ను గురించి సమకాలీనమైన ఆధారాలు బహు స్వల్పం. ఆయన కుమారుడు ఉస్మాన్ పేరిట ముద్రించిన నాణెంమీద తండ్రి పేరుగా కనిపించడం మినహా గట్టిగా చెప్పుకోదగినది దాదాపు లేదు. తక్కినదంతా తర్వాతి తరాల కథనమూ, నేటి రచయితల కల్పనా. కాలక్షేపానికి చూడవచ్చుగాని, చరిత్ర అనుకొని చూడరాదు. చరిత్రనూ జీవితాన్నీ ఉన్నదున్నట్లు చూపడానికి పూనుకొన్నవి డాక్యుమెంటరీ చిత్రాలు. వాటిలో ఇంట చూడదగినవి ఏవో కొన్నింటిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బొమ్మ ధర్మసమ్మతమా కాదా అన్న చర్చ పాతది. కెమెరా బొమ్మ నీడను పట్టి నిలపడమేగాని సృష్టితో పోటీ కాదని ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ వాదించారు. మన ఉపఖండంలో ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ వంటి పండితులు దానిని అంగీకరించలేదు. ఆ చర్చలోకి నేనిక్కడ దిగను. అంగీకరించనివారి ఇంట తెర ఉండదు కనుక వారికి ఈ వ్యాసంతో పనీ ఉండదు. తెర ఇదివరకే ఉన్న ఇళ్ళను ఉద్దేశించి రాస్తున్నాను.

ముస్లిములను గురించి వచ్చే డాక్యుమెంటరీలలో అధికభాగం రెండు మూసలలో పోసినవి. మొదటి మూసలో గుంబజులు, మినార్లు, ఒంటెల బిడారులు, వెనకనుంచి ఒక గంభీరమైన కంఠం. రెండవ దానిలో తుపాకులు, పోలీసులు, రోదించే తల్లులు. మొదటి రకం చూసి పొంగిపోతాము, రెండవ రకం చూసి కుంగిపోతాము. తన పని, తన ఇల్లు, తన సందేహం గురించి తన నోట చెప్పుకొనే మనిషి రెండింటిలోనూ అరుదు. కనుక నేను పెట్టుకొన్న కొలత ఇది: ఆ చిత్రం ముగిసిన తర్వాత, ఇంట్లో అంతవరకు మాట్లాడనివారు ఎవరైనా నోరు విప్పుతారా?

ఈ కొలతకు కొంత తక్కువగా తూగినా పిల్లలకు చూపదగినవి రెండున్నాయి. 2000లో అమెరికా పబ్లిక్ టెలివిజన్ కోసం రాబర్ట్ గార్డ్‌నర్ తీసిన ‘ఇస్లాం: ఎంపైర్ ఆఫ్ ఫెయిత్’ మూడు భాగాలది. నటుడు బెన్ కింగ్‌స్లే వ్యాఖ్యానం చెప్పారు. గౌరవంగా తీసిన చిత్రం, దృశ్యాలు కన్నులపండువ. ఐతే మూడవ భాగం ఉస్మానీ సామ్రాజ్యానికి కేటాయించినందున మన దేశానికి అందులో చోటు లేదనే చెప్పాలి. ప్రపంచ ముస్లిములలో ఇంత పెద్ద భాగం ఉన్న నేలను విడిచి ఇస్లామీయ నాగరికతను చెప్పడం ఇంటిని చూపి వంటగదిని మరచినట్లుంది. ఆ లోటుకు 1988లో దూరదర్శన్ ప్రసారం చేసిన శ్యాం బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ 53 భాగాలలో కొన్నింటిని జతచేసుకోవచ్చు. అది నాటకీకరణే అయినా ఆధారాన్ని దాటి ఎగరదు, పైగా ఉర్దూ మాట్లాడే ఇళ్ళకు భాష అడ్డురాదు. రెండవది 2009లో బి.బి.సి. ప్రసారం చేసిన ‘సైన్స్ అండ్ ఇస్లాం’. చెప్పేవారు బాగ్దాదులో పుట్టిన భౌతికశాస్త్రవేత్త జిమ్ అల్ ఖలీలీ. ఆయన తనను నాస్తికుడనే చెప్పుకొంటారు. మన పూర్వ శాస్త్రజ్ఞులను పొగడడానికి విశ్వాసి కానివాడు కావలసివచ్చిందా అని కొందరు నొచ్చుకోవచ్చు. నాకు మాత్రం అదే దాని విలువ అనిపించింది. బీరూనీ కొండ ఎత్తును, దిగంతం వంపును కొలిచి భూమి పరిమాణాన్ని ఎలా లెక్కగట్టాడో చూపేటప్పుడు ఆయన ముఖంలో కనిపించేది లెక్క తెలిసినవాని ఆనందం. ‘అంతా మనమే కనిపెట్టాము’ అనే ఉపన్యాసాలలో ఆ లెక్క ఉండదు.

ఇక అసలు విషయానికి వస్తాను. 2011లో హెచ్.బి.ఓ. ద్వారా వచ్చిన ‘ఖురాన్ బై హార్ట్’ (దర్శకుడు గ్రెగ్ బార్కర్) హిఫ్జు చేసే పిల్లలున్న ప్రతి ఇంట చూడవలసిన చిత్రం. రమజానులో కైరో నగరంలో జరిగే అంతర్జాతీయ ఖుర్ఆన్ పోటీకి వచ్చిన ముగ్గురు పదేళ్ళ పిల్లల కథ ఇది. తజికిస్తాన్ నుంచి ఒక బాలుడు, సెనెగల్ నుంచి ఒక బాలుడు, మాల్దీవుల నుంచి ఒక బాలిక. ముగ్గురికీ గ్రంథం కంఠతా వచ్చు, ముగ్గురిలో ఎవరికీ అరబీ మాట్లాడడం రాదు. న్యాయనిర్ణేత ఒక ఆయతు అందిస్తే అక్కడినుంచి పఠించాలి. తజికిస్తాన్ బాలుని గొంతు వింటుంటే సభ యావత్తు తలవంచుతుంది. కాని ఇంటికి తిరిగి వెళ్ళిన తర్వాత అదే బాలుడు తన మాతృభాషలో చదవడం రాక బడిలో ప్రవేశానికి ఇబ్బందిపడతాడు. సెనెగల్ బాలుడు న్యాయనిర్ణేత చెప్పే మాట బోధపడక తికమకపడి కన్నీళ్ళు పెట్టుకొంటాడు. బాలిక లెక్కలలో, సైన్సులో చురుకైనది. తండ్రి ఆమెను గృహిణిగా చూడదలచాడు. తల్లి మనసులో వేరే ఉంది. బాలిక ఆశలు మరీ వేరు.

మదరసాలో చదివి, తర్వాత విశ్వవిద్యాలయానికి వెళ్ళినవాడిని కనుక ఈ చిత్రం నాకు కేవలం పరదేశపు కథగా తోచలేదు. ముప్ఫై పారాలు గుండెలో దాచుకొన్న పిల్లవానికి వాటి అర్థం తన భాషలో ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? మన సీమలో ఈ ప్రశ్నకు పాత చరిత్ర ఉంది. 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతానికి ‘రాయలసీమ’ అన్న పేరు ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావుగారే ఖుర్ఆన్‌ను తెలుగులోకి అనువదించారు. ముస్లిమేతరుడైన పండితుడు అంత శ్రమకోర్చి అందించిన తర్వాత దశాబ్దాలకు మన మదరసాలలో తెలుగు అర్థం చెప్పడానికి సంకోచించే ఉస్తాదులున్నారంటే ఆలోచించవలసిందే. ఈ చిత్రంలో లోపం లేకపోలేదు. పోటీ ఉత్కంఠను పెంచడానికి సంగీతాన్ని అవసరానికి మించి వాడారు. పిల్లల కన్నీరు కనబడితే కెమెరా అక్కడే కూర్చుంటుంది. ఐనా ఆ బాలిక కనిపించినప్పుడు మన ఇంట కూర్చున్న ఆడపిల్లల ముఖాలు చూడండి.

పెద్దలు మాత్రమే చూడవలసినది ‘క్యా హువా ఇస్ షహర్ కో?’. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేయడం, ఆ రాజకీయ గందరగోళంలోనే హైదరాబాదు పాతబస్తీలో మతకలహాలు చెలరేగడం మన తరంవారు చిన్ననాట వినే ఉంటారు. ఆ రోజులలో దీపా ధన్‌రాజ్ తన బృందంతో అక్కడే ఉండి ఈ చిత్రం తీశారు. నవరోజ్ కాంట్రాక్టర్ ఛాయాగ్రహణం. 1986లో పూర్తయింది. కలహం అగ్గిపుల్ల గీసినట్లు దానంతట అది పుట్టదని, ఎవరు ఎప్పుడు ఏం మాట్లాడారో, ఊరేగింపు ఎలా నడిచిందో వరుసగా చూపుతుంది. ఉభయపక్షాల నాయకుల మాటలనూ వినిపిస్తుంది. మన పక్షం అనుకొన్నవారి ఉపన్యాసం వచ్చినప్పుడు కూడ అదే చెవితో వినగలగాలి. చిత్రం విశ్లేషణకు పూనుకొన్నచోట్లకంటె, కర్ఫ్యూలో కూలి పోగొట్టుకొన్నవారినీ, ఇంటివారిని పోగొట్టుకొన్న స్త్రీలనూ మాట్లాడనిచ్చినచోట్ల దీని బలం ఎక్కువ. హైదరాబాదు గాయాన్ని చూపిన ఈ రీళ్ళను పునరుద్ధరించినది బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ. మన జ్ఞాపకాన్ని పరాయివారు భద్రపరచవలసి రావడం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను.

అదే దర్శకురాలు 2011లో తీసిన ‘ఇన్‌వోకింగ్ జస్టిస్’ మన పాఠకులలో కొందరికి కోపం తెప్పించవచ్చు. తమిళనాడులో పుదుక్కోట్టై కేంద్రంగా షరీఫా ఖానం 2004లో నెలకొల్పిన మహిళా జమాత్ పని ఇందులో కనిపిస్తుంది. తలాక్, కట్నం, హింస వంటి తగవులలో మగవారి జమాత్ స్త్రీని పిలవకుండానే తీర్పు చెబుతుంటే, ఈ స్త్రీలు కాగితాలు సేకరించి, సాక్ష్యం విని, పోలీసు స్టేషనుకూ పెద్దల దగ్గరకూ నడుస్తారు. వారి పద్ధతులన్నీ సరైనవని నేననను. ఫిఖహ్ దృష్ట్యా చర్చించవలసిన అంశాలున్నాయి, చిత్రం వాటి జోలికి పోలేదు. కాని ఖుర్ఆన్ 58వ సూరా పేరేమిటి? అల్ ముజాదిలా. తన భర్త విషయమై దైవప్రవక్త (స) వద్దకు వచ్చి వాదించిన స్త్రీ పేరిట, ఆమె మొరను అల్లాహ్ విన్నాడన్న మాటతో ఆరంభమయ్యే సూరా అది. మన జమాత్ గదులలో ఆ స్త్రీకి కుర్చీ ఉందా అన్నది ఈ చిత్రం చూసినవారు వేసుకోక తప్పని ప్రశ్న.

చివరగా, మన జిల్లాకు అన్నిటికంటె దగ్గరైనది దూరాన ఉన్న బీరూట్‌లో తీసిన చిత్రం. లెబనాన్ దర్శకుడు మాహిర్ అబీ సమ్రా 2016లో తీసిన ఈ చిత్రం ఇంగ్లీషు పేరుకు అర్థం ‘ఇంటికొక పనిమనిషి’. అరబీ పేరు వేరు: ‘మఖ్దూమీన్’, అనగా ‘సేవలు పొందేవారు’. ఇంగ్లీషు పేరు పనిమనిషి వైపు వేలు చూపుతుంది, అరబీ పేరు యజమాని వైపు. ఖిద్‌మత్, ఖాదిమ్, మఖ్దూమ్ - మూడూ ఒకే ధాతువునుంచి వచ్చాయి. మనం ‘మఖ్దూమ్’ అన్న పదాన్ని ఔలియాలకు గౌరవంగా వాడుతాము, పిల్లలకు పేరుగా పెట్టుకొంటాము. అదే ధాతువునుంచి వచ్చిన ‘ఖద్దామా’ అన్న మాట కడప జిల్లాలో ఎవరికి తెలియదు? కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే మన స్త్రీల వీసా పేరది.

చిత్రం అధికభాగం పనిమనుషులను సరఫరా చేసే ఒక ఏజెన్సీ కార్యాలయంలో నడుస్తుంది. ఏజెంటు తలుపులు తెరచి కూర్చుంటాడు, దాచేదేమీ లేదన్నట్లు. కొనేవారు వస్తారు, ఫొటోలు చూస్తారు, దేశాన్నిబట్టి ధర అడుగుతారు, నచ్చకపోతే మార్చి ఇమ్మంటారు. ఎవరూ కేకలు వేయరు, ఎవరూ కొట్టరు. మర్యాదగా, కాఫీ తాగుతూ జరుగుతుందంతా. బీరూట్ ఫ్లాట్లలో పనిమనిషికి వదిలిన గది ఎంతటిదో కూడ చూపుతారు, ఇల్లు కట్టేనాడే నిర్ణయమైన ఇరుకు అది.

బీరూట్ మనవారు వెళ్ళే చోటు కాదు. ఐతే పద్ధతి ఒకటే, ‘కఫాలా’. కఫీల్ అనే మాట మన పల్లెలలో పాస్‌పోర్టు చేత పట్టుకొన్న సేఠుకు పర్యాయమైంది. కాని ఆ పదం పుట్టుక ఎంత పవిత్రమైనది! మర్యమ్ (అ) పోషణభారం జకరియ్యా (అ) వహించారని ఆలి ఇమ్రాన్ సూరాలో చెప్పడానికి వాడినది ఆ ధాతువే. అనాథను పోషించే కఫీల్ స్వర్గంలో తనకు ఎంత సమీపాన ఉంటాడో దైవప్రవక్త (స) రెండు వేళ్ళు చూపి చెప్పిన హదీసు మనకు తెలుసు. సేవకులు మీ సోదరులని, మీరు తినేది వారికి పెట్టమని, శక్తికి మించిన పని మోపవద్దని చెప్పిన హదీసు అబూజర్ (ర) ద్వారా బుఖారీలోనే ఉంది. పదాలు అవే, నమాజు చదివేవారూ వారే, మధ్యలో ఏజెన్సీ కార్యాలయం ఒకటి వచ్చి చేరింది. కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసి వారానికొక సెలవు, రోజుకు పన్నెండు గంటల పరిమితి విధించింది, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోరాదన్నది. గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండాలని మన దేశపు నిబంధన. చట్టం ఉండడం ఒకటి, తలుపు మూసిన ఇంట్లో అది అమలుకావడం వేరొకటి.

ఈ చిత్రాన్ని అబీ సమ్రా కావాలనే సగంలో ఆపారనిపిస్తుంది. దృష్టి కార్యాలయంమీద, మఖ్దూమ్‌ల మీద నిలిపారేగాని, పనిచేసే స్త్రీలచేత వరుసగా కథలు చెప్పించలేదు. కొందరు విమర్శకులు దీనిని లోపమనవచ్చు. నేననను. జాలి పడి కళ్ళు తుడుచుకొని లేచిపోయే అవకాశం చూసేవారికి ఇవ్వలేదు, అంతే. మిగిలిన సగం ఇక్కడ, బద్వేలులో, పోరుమామిళ్ళలో, రాయచోటిలో ఉంది. పదేళ్ళు కువైట్‌లో వంటచేసి వచ్చిన ఖాలా ఒకరు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆమె పంపిన డబ్బుతో లేచిన మిద్దెలో కూర్చునే మనం టి.వి. చూస్తాము. అక్కడి ఇల్లెలాటిదో, పడుకొన్న చోటెంతో ఆమెను అడిగినవారు తక్కువ.

కనుక నా సలహా ఒకటే. చిత్రం నిడివి గంటా పది నిమిషాలు కూడ లేదు. అరబీ, ఇంగ్లీషు రానివారికోసం పది నిమిషాలకొకసారి ఆపి, తెలిసినవారు తెలుగులోనో ఇంటి ఉర్దూలోనో చెప్పండి. ఖాలాను పిలిచి ముందు కూర్చోబెట్టండి. ఏజెంటు మాట్లాడుతున్నప్పుడు ఆమె ‘అట్ల కాదు’ అన్నచోట చిత్రాన్ని ఆపి, ఆమెను చెప్పనివ్వండి.