మరమేకును ఎంతవరకు తిప్పాలి?

"బోర్డు పోయింది సార్, మార్చాలి." లాప్‌టాప్ రిపేరుకు ఇచ్చిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినే ఉంటాడు. నేనూ విన్నాను. బోర్డు మార్చారు, బిల్లు కట్టాను, జబ్బు మాత్రం అలాగే ఉంది. ఆ కడుపుమంటతో తెరిచిన పుస్తకం ఇది: థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌లకు మోడల్‌వారీగా వచ్చే హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్. 1992లో ఐబీఎం తెచ్చిన థింక్‌ప్యాడ్ 2005లో లెనోవో చేతికి వెళ్లింది. చేతులు మారినా, సర్వీసు మనుషుల కోసం రాసిన ఈ పుస్తకాన్ని కొన్నవాళ్ల నుంచి దాచలేదు. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

ముందు నా చూపు ఆగింది మరమేకుల దగ్గర. ఏ భాగం విప్పినా అక్కడ ఏ స్క్రూ ఎంత పొడవు, ఏ రంగు, ఎన్ని, ఎంత బలంతో బిగించాలి అని పట్టిక ఉంటుంది. బలం కొలిచే స్క్రూడ్రైవర్ లేనివాడికీ ఒక లెక్క ఇచ్చారు. ప్లాస్టిక్‌ను ప్లాస్టిక్‌కు బిగిస్తుంటే, స్క్రూ తల ఆనాక ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి. కార్డును ప్లాస్టిక్‌కు బిగిస్తుంటే 180. పావు చుట్టు, అర చుట్టు, అంతే. ఏళ్ల తరబడి పనిచేస్తే గాని మణికట్టుకు ఎక్కని విద్యను రెండు వాక్యాల్లో కుదించారు. ఆ స్క్రూలకు నైలాన్ పూత ఉంటుంది, కుదుపులకు వదులు కావు. అందుకే ఒకసారి విప్పినదాన్ని మళ్లీ వాడొద్దు, కొత్తది వేయమంటారు. మనవాళ్లు విప్పిన స్క్రూలను డబ్బా మూతలో పోస్తారు. మూసేశాక రెండు మిగులుతాయి.

వారంటీ వర్తించనివాటి జాబితా కాస్త కటువుగానే ఉంటుంది. కింద పడి పగిలిన స్క్రీను, లోపలికి ఒలికిన ద్రవం, గీతలు, సరిపడని అడాప్టరు వాడకం, అన్నీ బయటే. మరిచిపోయిన పాస్‌వర్డ్ కూడా! సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మరిచిపోతే దాన్ని తీసే పద్ధతే లేదట, డబ్బు కట్టి బోర్డు మార్చుకోవాల్సిందే. చాదస్తం అనిపించవచ్చు. కానీ లాప్‌టాప్ పోగొట్టుకున్నవాడి వైపు నుంచి చూస్తే, దొంగ సర్వీసు సెంటరుకు వెళ్లి తాళం తీయించుకోలేడు.

ఇక అసలు పనితనం రోగనిర్ణయం పేజీల్లో ఉంది. ఒక్కసారి కనిపించి, మళ్లీ చూపించమంటే కనిపించని లోపానికి ఏ భాగాన్నీ మార్చవద్దంటుంది. ఎందుకు? అలాంటి తడబాటుకు స్థిరవిద్యుత్తు కారణం కావచ్చు, సాఫ్ట్‌వేర్ తప్పు కావచ్చు, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలూ కావచ్చు. లోపం వస్తూ పోతూ ఉంటే సిస్టం బోర్డును కనీసం పదిసార్లు వరసగా పరీక్షించు, తప్పు దొరక్కపోతే ఏ భాగం జోలికీ పోకు. రిపేరు పుస్తకంలో ఆకాశం ఇలా తొంగిచూడటం నాకు మహా ముచ్చటేసింది. తప్పంతా యంత్రానిది కాకపోవచ్చని మెకానిక్‌కు ముందే చెప్పడంలో, కొన్నవాడి జేబు మీద దయ ఉంది.

ఆ దయకు కొసమెరుపు ఇంకో వాక్యం. భాగం మార్చినా లోపం పోకపోతే, ముందుకు వెళ్లేలోపు పాతదాన్ని తిరిగి బిగించు. అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. నా పాత బోర్డు ఏదని ఆ రోజు నేను అడగనే లేదు.