పెయింటు కింద బండి

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ కొనడానికొచ్చిన ఓనర్ కమ్ డ్రైవర్ కొత్త పెయింటుకు పడిపోడు. నేరుగా బండి కిందికి దూరతాడు. ఛాసిస్ మీద, కమాన్ బ్రాకెట్ల దగ్గర వెల్డింగ్ అతుకులు వేళ్లతో తడుముతాడు. అక్కడ అతుకుందంటే ఆ బండి మోయకూడనంత మోసిందేమోనని అనుమానం.

ఎదురుగా రెండు పది టైర్ల లారీలు. ఒకటి 2019 నాటి బీఎస్-4, రెండోది 2021 నాటి బీఎస్-6. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమంటాడు. తిరుగుతుండగా ఆయిల్ మూత తీస్తాడు; పొగ ఎగదన్నితే రింగులు, లైనర్లు అరిగాయన్నమాట. కిలోమీటర్ల మీటరు కంటే అరిగిన క్లచ్ పెడల్ రబ్బరునే ఎక్కువ నమ్ముతాడు.

తర్వాత లెక్కలు. బీఎస్-6కు డీజిల్‌తోపాటు డీఈఎఫ్ (యూరియా ద్రావణం) కూడా పోయాలి, సెన్సర్ మొరాయిస్తే స్కానర్ ఉన్న మెకానిక్ కావాలి. బీఎస్-4 చవక. కానీ ఎనిమిదేళ్లు దాటితే రెండేళ్లకోసారి కాదు, ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి.

కాగితాల్లోనూ అదే శ్రద్ధ. 2018లో మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితి 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. ఆర్‌సీలో ఏ అంకె ఉందో చూస్తాడు. ఛాసిస్ నంబరు సరిపోల్చుకుంటాడు, ఫైనాన్స్ తీరినట్టు ఫారం 35 అడుగుతాడు.

గుంటూరు మిర్చితో కోల్‌కతా దాకా వెళ్లేవాడైతే కొత్తదానికే మొగ్గుతాడు. జగ్గయ్యపేట సిమెంటు దగ్గరి ఊళ్లకు తోలేవాడికి, ఛాసిస్ నిక్షేపంగా ఉంటే, ఆ 2019 బండే చాలు.