హరవిలాసమున సముద్రము: మోటుపల్లి శాసనముతో తులనము

శ్రీనాథుని హరవిలాసావతారికలో కృతిభర్తయగు అవచి తిప్పయసెట్టి సముద్రవాణిజ్యమును వర్ణించు పద్యములు మన సాహిత్యమున సుప్రసిద్ధములు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1948లో ఆంగ్లమున ప్రకటించిన రెడ్డిరాజ్యముల చరిత్రమున వీనిని ఆధారముగా గ్రహించిరి. నాటినుండి ఇవి రేవున దిగిన సరకుల జాబితావలె ఉదాహరింపబడుచున్నవి. కావ్యపాఠకులలో కొందరు మాత్రము ఇది కృతిభర్తృస్తుతి యనియు, స్తుతియందు చరిత్ర వెదకుట తగదనియు తలచి దాటిపోవుదురు. ఈ పద్యములు ఎంతవరకు సాక్ష్యమో, ఎచట సాక్ష్యము కాజాలవో నిర్ణయించుటకు వీనిని మోటుపల్లి శాసనము సరసన నుంచి చదువవలెనని మా మతము.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లా చినగంజాము మండలమున ఒక చిన్న గ్రామము. 1970కి పూర్వము గుంటూరు జిల్లాలోను, పిమ్మట 2022 వరకు ప్రకాశము జిల్లాలోను ఉండెను. అచటి వీరభద్రాలయమున నున్న స్తంభముపై కాకతి గణపతిదేవుడు శా.శ. 1166లో, అనగా క్రీ.శ. 1244–45లో, వేయించిన అభయశాసనము కలదు. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుచు తుపానునకు చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును పూర్వరాజులు బలాత్కారముగ హరించుచుండిరని శాసనము నిర్మొగమాటముగ చెప్పుచున్నది. గణపతిదేవుడు ఆ ఆచారమును రద్దుచేసి, నియతశుల్కము తక్క తక్కినదంతయు సొత్తు గలవారికే విడిచెను. ఎగుమతి దిగుమతులపై శుల్కము ముప్పదింట ఒక పాలు. శ్రీగంధము, దేశవాళి కర్పూరము, చీనా కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియాలు, పోకలు ఇందు పేర్కొనబడినవి. రెడ్డిరాజుల కాలమున 1358లో అనవోతారెడ్డి ఈ రేవునకు వచ్చు వర్తకులకు మరల సౌకర్యములు కల్పించుచు శాసనము వేయించెను. కావున హరవిలాసకర్త నాటికి ఈ తీరమున ఓడవర్తకము కవికల్పితము కాదు.

ఇక పద్యముల చూతము. సుమత్రాద్వీపమునందలిదిగా గుర్తింపబడిన పంజారమునుండి కర్పూరము, సింహళమునుండి ఏనుగులు, పారసీకసింధుశాఖ ముఖమునందలి హురుమంజినుండి గుఱ్ఱములు, చీనానుండి పట్టువస్త్రములు తెప్పింపబడినట్లు శ్రీనాథుడు చెప్పెను. తరుణాసీరి అనగా బర్మా దక్షిణతీరమునందలి తెనసెరిము. కర్పూరము, పట్టు, గజాశ్వములు శాసనమునను కలవు. ఇంతకంటె బలమైన సాక్ష్యము కవి వాడిన పేర్లలోనే ఉన్నది. కేవల స్తుతికై కల్పించు కవి సంస్కృత నిఘంటువునకు పోయి పోతము, యానపాత్రము అని వ్రాసి తృప్తిపడును. శ్రీనాథుడు కప్పలి, జోంగు అను ఓడపేర్లను వాడెను. కప్పలి తమిళుల కప్పలునకును, జోంగు మలయుల జోంగునకును సోదరములు. ఇవి రేవునందు వినబడు మాటలు; కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన బాల్యమిత్రుని యింట విన్నవై యుండును. కనుక ఈ పద్యములను వట్టి అతిశయోక్తి యని త్రోసివేయుట న్యాయము కాదు.

అట్లని వీనినుండి సముద్రయాన చరిత్రను రాబట్టుటయు న్యాయము కాదు. ఈ వర్ణనమున సరకు కలదు, ఓడపేరు కలదు, ఓడవాడు లేడు. ప్రతి వస్తువును ఎక్కడనో బయలుదేరి ఆటంకము లేక రాజమందిరమునకు చేరును. నడుమ తుపాను లేదు, మునక లేదు. హరవిలాసమున సముద్రము లేదా యన్నచో ఉన్నది; హాలాహలభక్షణఘట్టమున దేవదానవులు మథించిన పాలకడలి యది. చిరుతొండనంబి కథలో నాయకుడు వైశ్యుడే యయ్యు కంచినగర గృహస్థుడు, కడలి నెఱుగడు. కృతిభర్త బ్రదుకును నిలిపిన ఉప్పుసముద్రము అవతారిక దాటి కథలోనికి రాలేదు. దానికి భిన్నముగ శుల్కము నిర్ణయించు రాజశాసనము, ప్రాణములకు తెగించి కడలి దాటువారి కష్టమును తలచి, ధనము ప్రాణముకంటెను ప్రియమైనదని జాలిపడినది. ఇచట కావ్యము లెక్క వ్రాసినది, లెక్క వ్రాయవలసిన శాసనము కరుణ చూపినది.

మరియొక లోపము మనకు మిక్కిలి సమీపమైనది. కవి చెప్పిన వన్నియు దిగుమతులు. ఈ నేలనుండి ఓడ యెక్కిన దేమి? శాసనము ఎగుమతియను పదమును మాత్రమే ఇచ్చినది. సమాధానము వెనిసు యాత్రికుడగు మార్కోపోలో గ్రంథమున దొరకును. అతడు ముత్ఫిలి యని వ్రాసిన మోటుపల్లి రాజ్యమున సాలెగూటివంటి సన్నని నూలుబట్టలు నేయుదురని వ్రాసెను. అతని మాటలన్నియు నమ్మదగినవి కావు. రాజ్యమేలు రాణిని మృతుడైన రాజు భార్య యనెను. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె. అతడు 1292 ప్రాంతమున చీనా విడిచినాడు. చందుపట్ల శాసనమునుబట్టి ఆమె 1289 నాటికే స్వర్గస్థురాలైనది. అయినను రాజవంశముల సంగతి తప్పు చెప్పిన వర్తకుడు, తాను కొని అమ్మదగిన బట్ట సంగతి తప్పు చెప్పుట అరుదు. ప్రత్తి పండు ఈ మైదానపు నేతగాడు పరదేశి గ్రంథమున నిలిచినాడు, తెలుగు అవతారికలో చోటు పొందలేదు.

అవతారిక లక్షణమే దాతృప్రశంస గదా, కవిని నిందింపనేల యని ఆక్షేపింపవచ్చును. మేము కవిని నిందించుట లేదు. రాజసభకు సరకు చేరిన ద్వారమున నిలిచి చూచినవాడు చూడదగినదంతయు ఆయన చూచెను. రేవుమాటలను తెలుగు పద్యమున నిలిపిన పుణ్యమును ఆయనదే. దోషము ఆ ద్వారమును రేవుగా భ్రమించు మన చదువునందున్నది. పద్యము సరకునకును, శాసనము ప్రమాదమునకును శుల్కమునకును, యాత్రికుని గ్రంథము ఎగుమతికిని సాక్ష్యములు. ఒకదానిని మరియొకదానికి మారుగా చెల్లింపరాదు.

ఈ భేదమును పాటించినగాని మన ప్రాంతచరిత్ర తేటపడదు. మోటుపల్లి శుల్కపట్టికలో మిరియమున్నది, మిరప లేదు. అమెరికా ఖండమున పుట్టిన మిరప పోర్చుగీసువారి ఓడలు వచ్చిన పిమ్మటనే ఈ దేశమున అడుగుపెట్టి, మిరియము పేరును పంచుకొని, నేడు గుంటూరునకే మారుపేరైనది. కడలిని ఎన్నడును చూడని రైతు పొలమునగూడ ఒక ఓడ కథ ఉన్నది. ఆ ఓడను నడపినవారి మాట ఏ అవతారికలోను లేదు. మోటుపల్లి స్తంభముపై మాత్రము వారి భయమును ఒక రాజు గుర్తించిన జాడ మిగిలినది. సాహిత్యచరిత్ర వ్రాయువారు ఆ స్తంభమువద్ద ఒకసారి ఆగి పిమ్మట హరవిలాసమును తెఱచుట మేలు.