కథ చెప్పి, కథేనని చెప్పేవాళ్లు

ఊరు చూపించడం పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. స్నేహితులతో కలిసి ప్రాగ్ నగరం కాలినడకన చూసినప్పుడు ఆ సంగతి అర్థమైంది. టికెట్ లేని టూర్ అది. నడక ముగిశాక తోచినంత ఇవ్వాలి. గైడు ఓ యువతి. ఆగిన చోటల్లా ఎండకు తాను ఎదురు నిలబడి, మా వీపులు ఎండవైపు ఉండేలా చూసుకునేది. ఫొటోల కోసం వెనకబడే మావాడు వచ్చి కలిసేదాకా పిచ్చాపాటీతో సరిపెట్టేది తప్ప అసలు విషయం ఎత్తేది కాదు.

పాత టౌన్‌హాల్ గోడకు 1410 నాటి ఖగోళ గడియారం ఉంది. గంట గంటకూ అస్థిపంజరం బొమ్మ గంట మోగిస్తుంది, పై కిటికీల్లో క్రీస్తు శిష్యుల బొమ్మలు వరసగా సాగుతాయి. దాన్ని చేసిన హనూష్ ఇంకో ఊరికి అలాంటిది చేసిపెట్టకుండా నగర పెద్దలు అతని కళ్లు తీయించారని చెప్పింది. మేం అయ్యో అనుకునేలోపే, అది కట్టుకథ, చేసినవాడు మికులాష్ అని పాత పత్రాల్లో తేలిందని తనే అంది. అక్కడికి దగ్గర్లోనే నేల మీద 27 తెల్ల శిలువలు పరిచి ఉన్నాయి. హాబ్స్‌బర్గ్ చక్రవర్తి మీద తిరగబడిన 27 మందిని 1621 జూన్ 21న ఆ చౌరస్తాలోనే చంపారు. అక్కడ మాత్రం కథలేమీ అల్లలేదు. తేదీ, కారణం చెప్పి ఊరుకుంది.

"మన పల్నాటి కారంపూడిలో ఇంతకంటే పెద్ద కథ ఉందిగదరా" అన్నాడు పక్కనున్న మిత్రుడు.

కథే కాదు, చెప్పేవాళ్లూ ఉన్నారు. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ వీరుల తిరునాళ్ల సాగుతుంది. వీరాచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని వస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. కులాలన్నిటినీ వీరుల నాయకుడు బ్రహ్మనాయుడు ఒకే చాప మీద కూర్చోబెట్టాడన్న మాట మందపోరు నాడు చాపకూడుగా విస్తట్లోకి వస్తుంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని, అది జరిగిందంటున్న నేల మీదే వినొచ్చు.

అయితే వాళ్లది ఆరాధన. కొలిచే వీరుల కథను మధ్యలో ఆపి దీనికి ఆధారం లేదనమని వాళ్లను అడగడం మర్యాద కాదు. ఆ పని ఇంకొకరు చెయ్యాలి. శ్రీనాథుడి పేరు మీదున్న పల్నాటి వీరచరిత్ర యుద్ధం జరిగిన రెండొందల ఏళ్లు దాటాక పుట్టిందని వీర్లగుడి ముందు నిలబడి ఎవరో ఒకరు చెప్పాలి. బ్రహ్మనాయుడికి ఎదురు నిలిచిన నాయకురాలు నాగమ్మ సంగతులు మనకు ఎక్కువగా ఆమె ఎదిరిపక్షాన్ని కొలిచేవాళ్ల నోటినుంచే అందాయని కూడా చెప్పాలి. మా శావల్యాపురంలో గట్టిగా మాట్లాడిన ఆడమనిషిని "నాయకురాలు" అని ఎత్తిపొడవడం చిన్నప్పుడు చాలాసార్లు విన్నాను. ఆ కాలంలో ఒక ఆడమనిషి మంత్రిగా రాజ్యం నడిపిందంటే అది ఎంత మాటో అప్పుడు ఎవరూ చెప్పలేదు.

అలా విడమరిస్తే వీరుల గొప్ప తగ్గిపోతుందని కొందరి భయం. కానీ హనూష్ కథ ఉత్తదని తేలాక కూడా గంట కొట్టే వేళకు ఆ గడియారం కింద జనం పలచబడలేదు.

తిరునాళ్ల వెళ్లిపోయాక మిగతా ఏడాదంతా కారంపూడి వచ్చినవాళ్లు గుడి చూసి, ఫొటో దిగి బస్సెక్కేస్తారు. పొద్దుటి పూట, ఎండెక్కకముందే, వీర్లగుడి నుంచి అంకాలమ్మ గుడి మీదుగా నాగులేటి ఒడ్డు దాకా నడిపిస్తే చాలు. నడిపించేది ఆ ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలైతే మరీ మంచిది. బ్రహ్మనాయుడి పక్షపు కథను ఆ పిల్లలు ఇంట్లో ఎటూ వింటారు. నాగమ్మ పక్షపు కథను వాళ్లకు చెప్పడం మాత్రం కాలేజీలో చరిత్ర మాస్టార్ల వంతు.